అతిథి కాదు, ఇంటి పక్షి

మన కావ్యాలలో హంసకు దక్కిన గౌరవం మరే పక్షికీ దక్కలేదు. నలదమయంతుల నడుమ దౌత్యం నెరపినది హంస. ‘ప్రభావతీ ప్రద్యుమ్నం’లో కథను ముందుకు నడిపిన శుచిముఖి హంస. వాటిని గురించి పుటలకొద్దీ వ్రాయగల ఏలూరు, తాడేపల్లిగూడెం విద్యార్థులు తమ సీమలోనే గూడు కట్టుకొనే ఒక పెద్ద పక్షిని పేరు పెట్టి పిలువలేకపోవడం వింతగా తోస్తుంది.

ఆ కొరత తీర్చగల చోటు కైకలూరు చెంతనున్న ఆటపాకలో ఉంది. అక్కడ అటవీశాఖవారి పర్యావరణ విద్యాకేంద్రంలో పక్షుల నమూనాలను ప్రదర్శనకు ఉంచారు. ఒక శీతకాలపు దినమంతా మా విద్యార్థులతో అక్కడ గడిపాను. పుస్తకంలో బొటనవ్రేలంత బొమ్మగా చూసిన గూడబాతు ఎదుట నిలిచినప్పుడు పిల్లల మాటలు ఆగిపోయాయి. అడుగు పొడవు ముక్కు. దాని క్రింద వ్రేలాడే చర్మపు సంచి. ఆ సంచి చేపలను దాచుకొనే బుట్ట అని చాలామంది తలుస్తారు. నిజానికి అది వల వంటిది. నీటితో సహా చేపను ముంచి తీసి, నీటిని జారవిడిచి, చేపను మ్రింగుతుంది.

“సార్, ఇవి సైబీరియా నుంచి వచ్చినవేనా?” అని ఒక విద్యార్థిని అడిగింది. ఈ ప్రశ్నే ఆనాటి ప్రయాణానికి ఫలమని నేను భావిస్తాను. సూదితోక బాతు వంటివి ఉత్తరదేశాల నుంచి చలికాలం గడపడానికి వచ్చే మాట వాస్తవం. గూడబాతు అటువంటిది కాదు. అది గూడు కట్టి పిల్లలను పెంచే తావులు లోకంలో కొద్ది. దక్షిణ భారతం, అస్సాం, శ్రీలంక, కంబోడియా వాటిలో ముఖ్యమైనవి. 1946లో కె.కె. నీలకంఠన్ కొల్లేటి ప్రాంతంలో వీటి గూళ్ల స్థావరాన్ని కనుగొన్నప్పుడు దాదాపు 3,000 పక్షులు అక్కడ గూళ్లు కట్టుకొని ఉన్నాయి. 1974 ప్రాంతానికి ఆ స్థావరం శూన్యమైపోయింది.

అతిథి అనే మాటలో ఆదరమెంత ఉన్నా, ఒక వెసులుబాటు కూడా దాగి ఉంది. అతిథి రాకపోతే మరొకచోటికి వెళ్లాడని సరిపెట్టుకొంటాం. ఇంటివాడు కనబడకపోతే వెదకుతాం. ప్రతి కొంగనూ సైబీరియాకు అంటగట్టే మన అలవాటు, వాటి బాగోగులను కూడా సైబీరియాకే వదలిపెట్టినట్లుంది.

ప్రదర్శనశాల గోడల మధ్య ఉన్న నమూనాలకంటె వెలుపల నీటిలో నిలిచిన ఇనుప మంచెలు నన్ను ఎక్కువగా ఆలోచింపజేశాయి. గూళ్లకు చాలినన్ని చెట్లు లేనందున అటవీశాఖ నిలిపిన మంచెలవి. వాటిపై పక్షులు పుల్లలు పేర్చి సంసారం సాగిస్తున్నాయి. ఏర్పాటు మెచ్చదగినదే, అయినా చెట్టు చేయవలసిన పనిని ఇనుము చేయవలసి రావడం గర్వించదగిన విషయం కాదు.

దండి ‘దశకుమారచరితం’లో ఆంధ్రనగరానికి సమీపాన సముద్రమంతటి సరస్సు కనిపిస్తుంది. అది కొల్లేరేనని పండితులు కొందరి అభిప్రాయం. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీటిని దాచుకొని ఉప్పుటేరు ద్వారా కడలికి పంపే ఆ సరస్సులో చేపల చెరువుల గట్లు లేచాయి. 1999లో 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమైంది. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో గట్లను కూల్చారు. చెరువులు త్రవ్వినవారిలో సరస్సునే నమ్ముకొన్న లంక గ్రామాల జాలరులున్నారు, పెట్టుబడితో వచ్చిన బయటివారూ ఉన్నారు. ఇద్దరినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు.

ఆనాడు మా పడవ నడిపినవాడు రెక్కల విసురు చూసే పక్షి పేరు చెప్పగలిగాడు. ఇటువంటి ప్రదర్శనశాలలు పక్షుల పక్కన తాటిదోనెకూ, అటువంటివారి నోటనున్న పేర్లకూ స్థానమివ్వాలని నా కోరిక. శాస్త్రనామం చదివిన పిల్లవాడు తన తాత పిలిచే పేరును కూడా అక్కడే చదవాలి.

తిరిగివచ్చాక గూడబాతును గురించి ఒక పుట వ్రాయమన్నాను. ఒక విద్యార్థి ‘సైబీరియా’ అని వ్రాసి, కొట్టివేసి, దానిపైన ‘ఆటపాక’ అని వ్రాశాడు.