చెవి నరికి సువార్త చెబితే...

స్పెయిన్ దేశపు కథోలిక మిషనరీల సంగతి ఎత్తితే మన ప్రొటెస్టెంటు సంఘాల్లో సాధారణంగా రెండు మాటలు వినిపిస్తాయి. ‘ఒక చేత్తో సిలువ, మరో చేత్తో కత్తి పట్టుకుని పోయినవాళ్ళు’ అన్నది మొదటిది. ‘అదంతా వాళ్ళ చరిత్ర, మనకేం సంబంధం?’ అన్నది రెండోది. మొదటి మాటలో నిజం చాలా ఉంది. రెండో మాటే నాకు మింగుడుపడదు. ఎందుకో చెప్పడానికి అమెరికాలోని కాలిఫోర్నియాలో ఉన్న ఒక్క మిషన్ కథ చాలు. దాని పేరు శాన్ డియేగో దె అల్కాలా.

కాలిఫోర్నియా తీరంలో స్పెయిన్‌వారు కట్టిన 21 మిషన్లలో ఇది మొట్టమొదటిది. 1769 జూలై 16న దీన్ని స్థాపించినవాడు హూనీపెరో సెర్రా అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి. మయోర్కా దీవిలో ఆచార్యుడిగా మంచి పేరు తెచ్చుకుని, ఆ కొలువు వదులుకుని, కాలికి మానని పుండుతో కుంటుకుంటూ అడవులు కొండలు దాటి వచ్చినవాడు. అప్పటికి ఆయన వయసు 55 ఏళ్ళు. ఆయన త్యాగాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు మనలో ఎవరికీ లేదు. అయితే ఆయనను పంపిన రాజుగారి లెక్క వేరు. ఉత్తరం నుంచి రష్యన్లు దిగివచ్చి ఆ తీరాన్ని ఆక్రమిస్తారేమోనని స్పెయిన్‌కు భయం. అందుకే సన్యాసులతోపాటు సైనికులూ వచ్చారు. ఒకే కొండమీద సైనికుల కోట, దాని పక్కనే మిషన్ వెలిశాయి. తరతరాలుగా ఆ లోయలో బతుకుతున్న కుమియాయ్ ఆదివాసులకు ఆ రెండింటికీ తేడా ఏం తెలుస్తుంది? సిలువ చూపించినవాడూ తుపాకీ పట్టినవాడూ ఒకే ఓడ దిగి వచ్చినవాళ్ళే కదా!

తర్వాత అక్కడికి వచ్చిన లూయీస్ హైమే అనే యువ సన్యాసి గురించి మన సంఘాల్లో చాలామంది విని ఉండరు. ఈయనదీ మయోర్కా దీవే. కుమియాయ్ భాష కష్టపడి నేర్చుకున్నాడు. 1772 అక్టోబరులో మెక్సికోలోని తన పైఅధికారికి ఆయన రాసిన ఉత్తరం నేటికీ ఉంది. మిషనరీ ఉత్తరాలంటే మనకు తెలుసు, ఎంతమంది మారారు, ఎంత సొమ్ము కావాలి అన్నవే ఎక్కువ. ఇది అలాంటిది కాదు. మన సైనికులు ఈ జనుల గ్రామాల మీద పడి స్త్రీలను చెరుస్తున్నారని ఆయన నేరుగా రాశాడు. టపా తీసుకుపోయే సైనికులు తమ పశువులను వీళ్ళ చేలల్లో వదిలితే అవి పంటంతా మేసేశాయని రాశాడు. ఈ జనం మమ్మల్ని చంపాలని ఎన్నోసార్లు అనుకున్నారంటే కారణం ఇదేననీ, ఆ సైనికుల్లో చాలామంది ఉరికి అర్హులనీ రాశాడు. తనకు కాపలా కాస్తున్న సైన్యం మీదే ఇంత ఫిర్యాదు చేయడానికి ఎంత గుండె కావాలి!

ఉత్తరాలతో పని జరగలేదు. చివరికి 1774లో మిషన్‌నే కొండ దింపి, నది వెంబడి సుమారు ఆరు మైళ్ళు లోపలికి తరలించారు. నీటి వసతి, సేద్యపు భూమి కావలసి వచ్చాయి, నిజమే. కానీ సైనికులకు దూరంగా జరగాలన్నదీ అందులో ఒక ముఖ్య కారణం. సువార్త తన కాపలాదారుల నుంచి పారిపోవలసి వచ్చిందన్నమాట.

అయితే అప్పటికే ఆలస్యమైంది. 1775 నవంబరు 4 రాత్రి, తెల్లవారితే 5వ తేదీ అనగా, వందలాది మంది కుమియాయ్ వీరులు మిషన్‌ను చుట్టుముట్టి నిప్పుపెట్టారు. వాళ్ళను కూడగట్టినవారిలో అక్కడే బాప్తిస్మం తీసుకున్న కార్లోస్ అనే నాయకుడు, అతని సోదరుడు కూడా ఉన్నారు. తర్వాత విచారణ జరిపితే తేలిందేమిటంటే, మునుపటిలాగా తమ బతుకు తాము బతకాలన్నదే వాళ్ళ కోరిక. ఆ రాత్రి మిగిలినవాళ్ళు ఆశ్రయం కోసం పరుగెత్తుతుంటే హైమే మాత్రం గుంపుకు ఎదురు నడిచి, దేవుణ్ణి ప్రేమించండి బిడ్డలారా అంటూ ఎప్పుడూ చెప్పే వందనమే చెప్పాడట. తెల్లవారాక వాగు దగ్గర ఆయన శవం దొరికింది. ఒళ్ళంతా బాణాలు, ముఖం గుర్తుపట్టలేనంతగా ఛిద్రమైంది. వయసు 35 ఏళ్ళు. ఒక కమ్మరి, ఒక వడ్రంగి కూడా ఆ దాడికి బలయ్యారు. చేరిచిన సైనికులకు పడవలసిన శిక్ష, వాళ్ళ మీద ఫిర్యాదు చేసినవాడికి పడింది.

కార్మెల్ మిషన్‌లో ఉన్న సెర్రాకు ఈ కబురు డిసెంబరులో అందింది. వెంటనే ఆయన వైస్రాయి బుకారెలీకి రాసిన ఉత్తరంలో కోరింది ప్రతీకారం కాదు, క్షమాపణ. హంతకుణ్ణి చంపకండి, బతకనిస్తే రక్షణ పొందుతాడు, మేము వచ్చిందే అందుకు కదా అన్నది దాని సారాంశం. వైస్రాయి ఒప్పుకున్నాడు కూడా. ఇంకా విశేషం ఏమిటంటే, 1776లో ఆ కార్లోస్ తిరిగివచ్చి కోటలోని ప్రార్థనా స్థలంలో శరణు జొచ్చాడు. సైనికాధికారి రివేరా శరణు హక్కును లెక్కచేయకుండా లోపలికి వెళ్ళి అతణ్ణి బయటకు ఈడ్పించాడు. దాంతో, దాడిలో ప్రాణాలతో బయటపడ్డ విసెంతే ఫుస్తేర్ అనే ఫాదరీ ఆ అధికారిని సభ నుంచి వెలివేశాడు. తన తోటివాణ్ణి చంపించినవాడి పక్షాన నిలబడి తన దొరనే వెలివేశాడు! సత్యం చెప్పాలంటే మన ప్రొటెస్టెంటు చరిత్రలో ఇంతటి సంఘటనలు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు.

ఇక్కడితో ఆపేస్తే ఇది చక్కటి ఆదివారపు ప్రసంగం అవుతుంది. కాని చరిత్ర ఇక్కడ ఆగలేదు. హంతకుల్ని క్షమించమన్న ఆ సెర్రాయే 1780లో గవర్నరు ఫెలిపే దె నేవేకు రాసిన ఉత్తరంలో, ఆధ్యాత్మిక తండ్రులు తమ బిడ్డలైన ఇండియన్లను కొట్టి శిక్షించడం ఈ ఖండాన్ని జయించిన నాటినుంచీ ఉన్నదేనని సమర్థించుకున్నాడు. బాప్తిస్మం తీసుకున్నవాడు అనుమతి లేకుండా మిషన్ విడిచిపోకూడదు. పోతే సైనికులు వెతికి పట్టుకొస్తారు, కొరడా దెబ్బలు పడతాయి. పెళ్ళికాని ఆడపిల్లలను రాత్రిళ్ళు ఒక గదిలో పెట్టి తాళం వేసేవారు. ఐరోపా నుంచి వచ్చిన రోగాలు ఆ కిక్కిరిసిన గదుల్లో ప్రాణాలు తీశాయి. శాన్ డియేగోలో మాత్రం అందరినీ పోషించేంత పంట పండక, చాలామందిని తమ ఊళ్ళలోనే ఉంటూ వంతులవారీగా వచ్చిపొమ్మన్నారు. కుమియాయ్ జాతి ఆచారాలు, భాష ఎంతో కొంత నిలిచాయంటే ఆ కరువు నేల పుణ్యం కొంత ఉంది!

ప్రేమించి కొట్టాడు అంటారు కొందరు. తండ్రి కొట్టడం వేరు, పక్కన సైన్యం నిలబడి ఉండగా తండ్రినని చెప్పుకునేవాడు కొట్టడం వేరు.

తర్వాతి కథ గబగబా చెబుతాను. ఇప్పుడున్న దేవాలయం 1813లో పూర్తయింది. దానికి నీళ్ళు తెచ్చిన ఆనకట్ట, మైళ్ళ పొడవునా కాలువ కట్టింది ఆదివాసుల చేతులే. 1821లో మెక్సికో స్వతంత్రమైంది. 1834లో శాన్ డియేగో మిషన్ ప్రభుత్వపరమైంది. ఆదివాసులకు పంచుతామన్న మిషన్ల భూముల్లో అధికభాగం పలుకుబడి ఉన్న భూస్వాముల పాలైంది. 1847 తర్వాత అమెరికా సైన్యం ఆ చర్చిలో పదేళ్ళకు పైగా మకాంవేసి, దేవుని మందిరంలో గుర్రాలను కట్టింది. 1862లో అధ్యక్షుడు లింకన్ సంతకంతో 22 ఎకరాలు మళ్ళీ చర్చికి దక్కాయి. శిథిలమైన కట్టడాన్ని 1931లో పునరుద్ధరించారు.

ఇక మన సంగతికి వద్దాం. ‘వాళ్ళ చరిత్ర’ అనే సోదరులు ఇక్కడ కాస్త ఆగాలి. 1769లో కాలిఫోర్నియాలో ఆదివాసులు సుమారు మూడు లక్షల మంది ఉండేవారని చరిత్రకారుల అంచనా. స్పెయిన్, మెక్సికో పాలనలు ముగిసే నాటికి లక్షన్నర మిగిలారు. ఇది ఘోరమే. కాని 1848లో ఆ నేల అమెరికా చేతికి వచ్చాక, బంగారం కోసం జనం ఎగబడ్డాక, పాతికేళ్ళలోపే ఆ లక్షన్నర సుమారు ముప్పై వేలకు పడిపోయింది. ఆ వచ్చినవారిలో చాలామంది చేతుల్లో మనం చదివే బైబిలే ఉంది. 1850లో ఆ రాష్ట్రం చేసిన చట్టం ఆదివాసుల పిల్లలను తెల్లవారి ఇళ్ళలో వెట్టికి పెట్టుకోనిచ్చింది. ఆదివాసులను వేటాడిన దండులకు ప్రభుత్వ ఖజానా నుంచే డబ్బు వెళ్ళింది. 2019లో కాలిఫోర్నియా గవర్నరు దీన్ని జాతి నిర్మూలన అని ఒప్పుకుని క్షమాపణ చెప్పారు. స్పెయిన్ దురాగతాలను ప్రపంచానికి చాటినవాడు కూడా బార్తొలొమే దె లాస్ కాసాస్ అనే కథోలిక సన్యాసే. 1552లో ఆయన అచ్చువేయించిన పుస్తకాన్ని ప్రొటెస్టెంటు దేశాలు తర్జుమా చేసుకుని కథోలికుల మీద దుమ్మెత్తిపోశాయి. తమ ఓడల్లో ఏం జరుగుతున్నదో రాయడానికి మాత్రం వాళ్ళలో చాలామందికి కలం కదలలేదు.

గెత్సేమనే తోటలో పేతురు కత్తి దూసి మల్కు చెవి నరికాడు (యోహాను 18:10). నా దృష్టిలో మిషనరీ చరిత్రంతా ఆ ఒక్క వచనంలో ఉంది. చెవి నరికేశాక ఆ మనిషికి ఏ సువార్త వినిపిస్తాం? ప్రభువు ముందుగా ఆ చెవిని బాగుచేయాల్సి వచ్చింది, ఆ సంగతి లూకా రాశాడు. కత్తి అంటే ఇనుప కత్తే కానక్కర్లేదు. ఎదుటివాడు కాదనలేని ఏ బలమైనా కత్తే. మన ఒంగోలు ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారికి ఇది తెలిసింది. 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆయన వేలాదిమందికి కూలి, తిండి చూపించారు. అలా అన్నం తన చేతిలో ఉన్నంతకాలం బాప్తిస్మాలు నిలిపివేశారు. కరువు పనులు ముగిశాకే, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇచ్చింది కూడా మన తెలుగు బోధకులే. ఆ సంఖ్యను మనం సగర్వంగా చెప్పుకుంటాం గాని, దానికి ముందు ఆయన చెప్పిన ‘ఇప్పుడు కాదు’ను గుర్తుచేసుకునేవాళ్ళు తక్కువ.

ఈనాడు మన సభల వేదికమీద వాక్యం చెప్పేవాడి పక్కన ఎవరి కుర్చీ ఉంటోంది? నాయకుడిదా, విదేశీ నిధుల ప్రతినిధిదా? కాపరి మాట కాదంటే శాపం తగులుతుందని భయపెట్టే ప్రసంగీకుడికి కోట అవసరం కూడా లేదు, అతని నోరే ప్రెసీదియో.

కథోలిక సభ ఈ లెక్కను ఇంకా తేల్చుకుంటూనే ఉంది. 2015 జూలైలో బొలీవియాలో పోప్ ఫ్రాన్సిస్, అమెరికా ఖండాల ఆదివాసుల పట్ల సభ చేసిన పాపాలకు క్షమాపణ వేడుకున్నారు. అదే ఏడాది సెప్టెంబరులో వాషింగ్టన్‌లో సెర్రాను పునీతుడిగా ప్రకటించారు. ఆదివాసుల్లో చాలామంది నొచ్చుకున్నారు, మరికొందరు అదే ఆరాధనలో పాలుపంచుకున్నారు. 2020లో శాన్ ఫ్రాన్సిస్కోలోనూ లాస్ ఏంజెలెస్‌లోనూ నిరసనకారులు సెర్రా విగ్రహాలను కూలదోశారు. విగ్రహం కూలిస్తే హైమే ఉత్తరానికి జవాబు దొరికినట్టు కాదు. పునీతుడని ప్రకటించినా దొరికినట్టు కాదు. 2023లో మాత్రం, క్రైస్తవేతరుల నేలను కనుగొన్నవాడిదే ఆ నేల అనే పాత సిద్ధాంతాన్ని వాటికన్ బహిరంగంగా తోసిపుచ్చింది. ఆ సిద్ధాంతం మీదే 1823లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు కూడా నిలబడిందని మన పాస్టర్ల సదస్సుల్లో ఎవరైనా ప్రస్తావిస్తే వినాలని ఉంది.

కాలిఫోర్నియా బడుల్లో నాలుగో తరగతి పిల్లలు ఈ మిషన్ల గురించి చదువుతారు. అట్టముక్కలతోనో చక్కెర దిమ్మలతోనో మిషన్ బొమ్మ కట్టి తీసుకువెళ్ళడం అక్కడ చాలాకాలం ఆనవాయితీగా నడిచింది. ఇప్పుడు అది తగ్గుతోంది. అక్కడ స్థిరపడిన మన తెలుగు విశ్వాసుల పిల్లలూ ఆ పాఠం చదువుతున్నారు, సెలవుల్లో శాన్ డియేగో వెళ్ళి ఆ తెల్లటి గోడ ముందు ఫొటోలు దిగుతున్నారు. హైమే సమాధి ఆ దేవాలయంలోనే ఉంది. ఆ తల్లిదండ్రులకు ఒక్క మనవి. పిల్లలకు ఆ సమాధి చూపించినప్పుడు ఆయన ఎలా చనిపోయాడో చెప్పండి, అంతకు మూడేళ్ళ ముందు ఆయన ఏం రాశాడో కూడా చెప్పండి. పశువులు మేసిన ఆ చేలు ఎవరివో, వాళ్ళ మనవలు నేటికీ ఆ జిల్లాలోనూ, సరిహద్దు దాటి మెక్సికోలోనూ బతికే ఉన్నారని చెప్పండి.