వినే చెవి మనది, కొనే మాట కూడా మనదే

ఫ్రిజ్ కొనాలన్నా, మిక్సీ కొనాలన్నా ఇంట్లో మనల్ని అడుగుతారు. పాటలు వినే సామాను దగ్గరికి వచ్చేసరికి మాత్రం అది మగవాళ్ళ వ్యవహారం అయిపోతుంది. వాట్లు, ఓమ్‌లు అని వాళ్ళు మాట్లాడుకుంటుంటే మనం టీ గ్లాసులు అందించి వచ్చేస్తాం. రోజు మొత్తం మీద ఇంట్లో ఎక్కువసేపు పాట వినేది ఎవరు? పొద్దున్న స్తోత్రాలతో మొదలుపెట్టి, కూరలు తరుగుతూ, బట్టలు మడతపెడుతూ వినేది మనమే కదా. అది కూడా దేనిలో? డబ్బాల పక్కన ఆనించి పెట్టిన ఫోన్‌లో.

అందుకే నా అభిప్రాయం సూటిగా చెబుతున్నాను. పాటంటే ప్రాణం ఉన్న ఇల్లాలు, ఇంట్లో పాత స్టీరియో యాంప్లిఫయరు ఒకటి, దానికో జత స్పీకర్లు పెట్టుకోవడం దండగ కాదు. కొత్తది అక్కర్లేదు, ఎవరో వాడి అమ్ముతున్నది చాలు. దాన్ని ఎంచుకోవాల్సింది కూడా ఆవిడే.

మన ప్రాంతంలో ఉండి పాటని ఫోన్‌కి వదిలేయడం నాకు మరీ కష్టంగా అనిపిస్తుంది. విజయనగరంలో మహారాజా వారి సంగీత కళాశాల 1919లో మొదలైంది. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాలు, తర్వాత ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. సుశీలమ్మ విజయనగరంలోనే పుట్టి ఆ కళాశాలలోనే చదువుకున్నారు. ఘంటసాల గారు కృష్ణా జిల్లా నుంచి సంగీతం కోసం ఇక్కడికి వచ్చి, ఇంటింటికీ మధుకరానికి వెళ్ళి కడుపు నింపుకుని చదువుకున్నారు. ఆ జోలెలో అన్నం పెట్టినవాళ్ళు ఈ ఊరి ఇల్లాళ్ళే. ఆ గొంతుని మనం ఈరోజు గోరంత స్పీకరులోంచి, కుక్కరు విజిల్ కింద నలిగిపోయేలా వింటున్నాం.

"దానికంత హంగామా ఎందుకు, బ్లూటూత్ స్పీకరు ఉంది కదా" అంటారు. ఉంది. దానిలో బ్యాటరీ కొన్నేళ్ళకి డీలా పడుతుంది. చాలావాటిని విప్పి బాగుచేసేవాళ్ళు దొరకరు, చెత్తబుట్టలోకే. యాంప్లిఫయరు అలాంటిది కాదు. ఇంటిగ్రేటెడ్ యాంప్లిఫయరంటే, పాటని అందుకుని శబ్దాన్ని సవరించే భాగం, స్పీకర్లని మోగించే భాగం రెండూ ఒకే పెట్టెలో ఉన్నదని అర్థం. టేప్‌రికార్డరులో ఉన్నట్టు మోటారు, బెల్టు, హెడ్డు దీనిలో ఉండవు. అరిగేవి బహు తక్కువ: వాల్యూమ్ నాబ్, స్విచ్చులు, రిలే, ఏళ్ళు గడిస్తే ఎండిపోయే కెపాసిటర్లు. వీటిని చేయి తిరిగిన మెకానిక్కు మార్చగలడు. ముప్పై ఏళ్ళ నాటి పెట్టె ఇవాళ కూడా పాడుతున్నదంటే కారణం అదే.

ఇక వాట్ల సంగతి. పెట్టె మీద వేలకి వేలు వాట్లు, పక్కన పీఎంపీవో అని ఉంటే ఆ అంకెని పట్టించుకోకండి. ఆర్‌ఎంఎస్ ఎంతో చూడండి. మనం మాట్లాడుకునేంత శబ్దంతో ఇంట్లో పాట వినడానికి మామూలు స్పీకరుకి ఒక వాటు కన్నా తక్కువే ఖర్చవుతుంది. వాట్లు రెట్టింపు చేస్తే శబ్దం రెట్టింపు అవదు, కొంచెం పెరిగినట్టు అనిపిస్తుందంతే. ప్రపంచమంతా మెచ్చుకున్న ఎన్‌ఏడీ 3020 అనే యాంప్లిఫయరు 1978లో వచ్చింది. దాని శక్తి ఒక్కో స్పీకరుకి 20 వాట్లే. సిరిమాను సంబరానికి వేసే మైకు సెట్టు వేరు, మన హాలు వేరు.

"ఎవరో వాడిన వస్తువు మనకెందుకు" అనే మాట పెద్దవాళ్ళ నోట వస్తుంది. పాత బట్టలిచ్చి స్టీలు గిన్నెలు బేరమాడే చేతులు మనవి. సంతలో కుండ కొన్నా తట్టి, చెవి దగ్గర పెట్టుకుని విని కొంటాం. పాత యాంప్లిఫయరు కొనడానికి కావాల్సింది కూడా ఆ చెవే.

ముందు కంటితో చూడండి. వెనకనున్న పట్టీ మీద 220, 230 లేదా 240 వోల్టులని ఉండాలి. జపాన్‌లో వాడకానికి చేసినవి 100, అమెరికావి 120 వోల్టులకి పనిచేస్తాయి. వోల్టేజి మార్చే స్విచ్చు లేకుండా అలాంటిది మన ప్లగ్గులో పెడితే కాలిపోతుంది. తర్వాత వైర్లు తగిలించే చోట చిలుము పట్టిందేమో చూడండి. సముద్రపు గాలి తగిలే ఊళ్ళు మనవి, ఇత్తడి చెంబుకి పట్టేదే దీనికీ పడుతుంది. పైపైన ఉంటే తుడిస్తే పోతుంది. లోపల బురద చారలు కనిపిస్తే మాత్రం నీళ్ళలో నానిన సరుకు, వదిలేయండి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ చూసిన జిల్లాలు మనవి. ఆ మాట అడగడంలో తప్పులేదు.

తర్వాత చెవితో. అమ్మేవాళ్ళ స్పీకర్లకే కలపమనండి, లోపమున్న యాంప్లిఫయరు మంచి స్పీకర్లని కాల్చేయగలదు. ఆన్ చేశాక కొన్ని క్షణాలకి 'టిక్' మంటే చాలావాటిలో అది స్పీకర్లని కాపాడే రిలే, భయం లేదు. పాట పెట్టకముందే, వాల్యూమ్ సున్నాలో ఉండగా స్పీకరు దగ్గర చెవి పెట్టండి. 'గుయ్య్' మని గట్టిగా మోగుతుంటే లోపల ఖర్చుంది. నాబ్ తిప్పుతుంటే 'గరగర' మంటే చాలాసార్లు దుమ్మే, శుభ్రం చేస్తే పోతుంది. కానీ బేరానికి పనికొస్తుంది.

ఇప్పుడు మీకు కంఠతా వచ్చిన పాత పాట ఒకటి పెట్టమనండి. ఘంటసాల, సుశీల గార్ల పాత పాటలు ఎక్కువభాగం మోనోలో రికార్డు చేసినవే, అంటే రెండు స్పీకర్లలోనూ ఒకే శబ్దం వస్తుంది. బ్యాలన్స్ నాబ్ మధ్యలో పెట్టి, రెండు స్పీకర్లకి సమాన దూరంలో కూర్చుంటే గొంతు సరిగ్గా నడిమధ్య నుంచి రావాలి. ఒక పక్కకి ఒరిగితే ఒక వైపు బలహీనంగా ఉన్నట్టు. ఈ పరీక్ష తక్కువ శబ్దంలోనే చేయండి, ఎందుకంటే మీరు వినేది ఆ శబ్దంలోనే. గట్టిగా పెట్టి గోడలు అదరగొట్టి చూపించేవాళ్ళకి 'బాబూ, తగ్గించు' అని చెప్పండి. అరగంట మోగనిచ్చి పైన చెయ్యి పెట్టండి. గోరువెచ్చగా ఉంటే సరే. ఒక పక్కే కాలుతున్నా, మాడు వాసన వస్తున్నా లేచి వచ్చేయండి.

"సారు రాలేదా అమ్మా?" అని అడుగుతారు. అడగనివ్వండి. మనం వస్తువు గురించే మాట్లాడదాం.

డబ్బు సంగతికి వస్తే, అనుకున్న మొత్తమంతా యాంప్లిఫయరు మీద పెట్టకూడదు. నా లెక్కలో సగం స్పీకర్లకి, మిగిలిన సగంలోంచి కొంత మెకానిక్కుకి తీసి పక్కన పెట్టాలి. స్పీకరు వెనక రాసిన ఓమ్‌ల అంకె, యాంప్లిఫయరు వెనక రాసిన దానికన్నా తక్కువ ఉండకూడదు. ఫోన్ నుంచి పాట పంపడానికి ఎరుపు, తెలుపు పిన్నుల వైరో, చిన్న బ్లూటూత్ రిసీవరో చాలు. సోనోడైన్, నార్జ్, మరాంట్జ్, యమహా, ఏ పేరైనా కానివ్వండి, పేరు కన్నా ఆ పెట్టె ఇప్పుడెలా ఉందన్నదే ముఖ్యం.

ఇంటికి తెచ్చాక వంటింట్లో పెట్టకండి, నూనె ఆవిరి దానికి పడదు. పనిచేస్తూ వినిపించేలా వంటింటి గుమ్మానికి ఎదురుగా హాల్లో పెట్టండి. టీవీ మీద వేసినట్టు అల్లిక గుడ్డ కప్పకండి, వేడి పైకి పోవాలి.

ఇంట్లో నలుగురుంటే నలుగురి చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లే. ఎవరేం వింటున్నారో ఎవరికీ తెలీదు. హాల్లో పాట మోగితే అత్తగారు మంచం మీంచి చరణం అందుకుంటారు, పిల్లలు "ఈ పాటేంటమ్మా" అని అడుగుతారు, కాసేపటికి వాళ్ళ పాట పెట్టమని గొడవ చేస్తారు. ఆ గొడవ ఇంట్లో ఉండాలని నా కోరిక. దాని కోసం చీటీ డబ్బుల్లోంచి కొంత తీస్తే, ఎవరికీ సంజాయిషీ చెప్పుకోవాల్సిన పని లేదు.