నెల అయిపోయింది, నవల అవ్వలేదు

యానాంలో చదువుకుంటున్న మేం నలుగురం నవంబర్‌లో నవల రాద్దామని కూర్చున్నాం. 1999లో అమెరికాలో మొదలైన పందెం అది: 30 రోజుల్లో 50,000 పదాలు, అంటే రోజుకి సుమారు 1,667. మొదటి వారం బాగానే సాగింది. తర్వాత రికార్డులు, పరీక్షలు. గౌతమి ఒడ్డుకెళ్ళి కూర్చున్నా కలం కదల్లేదు. ఒక్కరం కూడా పూర్తి చెయ్యలేకపోయాం.

మా బద్ధకమే అనుకున్నాం. కాదు. అవ్వ చెప్పిన కథని పుస్తకాల తెలుగులోకి మార్చబోయి, ప్రతి వాక్యం దగ్గరా ఆగిపోయాం.

విశ్వనాథ సత్యనారాయణ గారి 'వేయిపడగలు' 29 రోజుల్లో పూర్తయిందంటారు. అయితే ఆయన చెప్తుంటే తమ్ముడు రాశారు. చెప్పడం మనకి కొత్తా? మన ఊళ్ళల్లో కథంతా నోటి మీదే కదా బతికింది.

అందుకే మా మాట ఇది: పదాల లెక్క పక్కన పెడదాం. సెలవులకి ఊరెళ్ళినప్పుడు పెద్దవాళ్ళు చెప్పేది ఫోన్‌లో రికార్డు చేద్దాం. ఒకరు వినిపిస్తే ఇంకొకరు రాద్దాం, మన మాటల్ని మన మాటలుగానే.

నవల వచ్చే ఏడాదైనా పూర్తవుతుంది. కథ చెప్పే అవ్వ అప్పటిదాకా ఉంటుందో లేదో.