పసివాడితో సరిహద్దు దాటి మంచుకొండలకు

మన సంస్థ ఉద్యోగుల పిల్లలు, అందునా పదవీ విరమణ చేసినవారి పిల్లలు, అమెరికాలో స్థిరపడడం ఇప్పుడు వింత కాదు. వారిలో పలువురు వాషింగ్టన్ రాష్ట్రంలోని సియాటిల్ నగర పరిసరాలలో, మైక్రోసాఫ్ట్ ప్రధాన కార్యాలయమున్న రెడ్మండ్, దాని పొరుగునున్న బెల్‌వ్యూ పట్టణాలలో నివసిస్తున్నారు. మనవడిని చూడడానికి శీతాకాలంలో అక్కడికి వెళ్లిన తాతయ్య, నాయనమ్మలకు ఏదో ఒక రాత్రి భోజనాల దగ్గర ఒక ప్రతిపాదన వినబడుతుంది: "సెలవులకు కెనడాలోని విస్లర్ వెళ్లి స్కీయింగ్ చేసి వద్దాం." ఇరవై నెలల మనవడితో, అబ్బాయి కుటుంబంతో ఆ ప్రయాణం చేసి వచ్చాను గనుక, ఆ మాటకు జవాబు చెప్పే ముందు తెలుసుకోదగిన సంగతులను ఈ నెల పాఠకులకు మనవి చేస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. మూడేళ్లు నిండని బిడ్డ వెంట ఉంటే దానిని మంచు చూసి వచ్చే యాత్రగా భావించుకుని బయలుదేరడమే మంచిది. పెద్దల స్కీయింగ్ అందులో వీలు చిక్కినప్పుడు జరిగే పని. ఈ వరుస తారుమారైన ఇంట్లో పసివాడు ఏడుస్తాడు, పెద్దలు అలుగుతారు, డబ్బు మాత్రం ఎలాగూ ఖర్చవుతుంది.

మొదట కాగితాల సంగతి. విచిత్రమేమంటే, ఇంటిల్లిపాదిలో అందరికంటె చిన్నవాడికే సరిహద్దు సులువు. అమెరికా పౌరసత్వమున్న బిడ్డకు కెనడా వీసా అక్కరలేదు. పదహారేళ్లలోపు పౌరులు రోడ్డు మార్గాన జనన ధ్రువపత్రం చూపి తిరిగి రావచ్చు; అయినా పాస్‌పోర్టు ఉంటే ప్రశ్నలు తక్కువ. అదే బిడ్డ తల్లిదండ్రులు భారత పాస్‌పోర్టుతో, హెచ్-1బి, హెచ్-4 వీసాల మీద ఉంటే వారికి కెనడా సందర్శక వీసా తప్పనిసరి. గ్రీన్‌కార్డు చేతికి వచ్చినవారికి ఆ వీసా అవసరం లేదు. గ్రీన్‌కార్డు, చెల్లుబాటులో ఉన్న పాస్‌పోర్టు చూపితే చాలు. ఇక తాతయ్య, నాయనమ్మల పాస్‌పోర్టులలో ఉన్న పదేళ్ల అమెరికా వీసా కెనడా ప్రవేశానికి ఎంతమాత్రం పనికిరాదు. వారు విడిగా దరఖాస్తు చేసుకోవాలి. 14 ఏళ్ల నుంచి 79 ఏళ్ల వరకు వయసున్నవారు వేలిముద్రలు కూడా ఇవ్వాలి. ఇది వారం రోజులలో ముగిసే పని అనుకోరాదు. ఇండియాలో ఉండగానే ఆ వీసా తెచ్చుకుని విమానమెక్కడం ఉత్తమం.

మాకు పరిచయమున్న ఒక కుటుంబం ఈ సంగతి తెలియక సరిహద్దు దాకా వెళ్లి వెనుదిరిగింది. ముందే కట్టిన గది అద్దె పోయింది, అది చిన్న విషయం. తమ మూలంగా పిల్లల సెలవులు పాడైనవని ఆ పెద్దావిడ ఇండియాకు తిరిగి వచ్చేదాకా బాధపడుతూనే ఉన్నదట. పెద్దలు ఇంటి దగ్గర ఉంటామంటే అది వేరు. కాగితం లేక ఉండిపోవలసి రావడం మాత్రం రాకూడదు.

తల్లిదండ్రులలో ఒకరే బిడ్డను తీసుకువెళ్తున్నా, తాతయ్య, నాయనమ్మలే తీసుకువెళ్తున్నా, రాని తల్లి గాని తండ్రి గాని సంతకం చేసిన సమ్మతి పత్రం దగ్గర ఉంచుకోవాలి. దానిని నోటరీ చేత ధ్రువీకరింపజేస్తే మరీ మంచిది. పిల్లల అపహరణ మీద నిఘా కోసం అధికారులు ఈ విషయమై గట్టిగానే అడుగుతారు. ముప్పయ్యేళ్లు ఫైళ్లకు ఫ్లాగులు పెట్టిన చేతులకు ఈ పని అప్పగించండి; మా కోడలు నాకు అప్పగించింది. కారులో కూర్చున్న చోటునుంచి కదలకుండా ఆరుగురి కాగితాలు వరుసగా అందించగలిగాను.

సియాటిల్ నుంచి సరిహద్దు సుమారు 175 కిలోమీటర్లు. బ్లెయిన్ అనే ఊరి దగ్గర పచ్చిక మధ్య తెల్లని కమాను కనబడుతుంది. దాని పేరు పీస్ ఆర్చ్, అనగా శాంతి తోరణం. 1814లో కుదిరిన ఘెంట్ ఒప్పందానికి, ఆ తర్వాత ఈ రెండు దేశాల మధ్య నెలకొన్న శాంతికి గుర్తుగా 1921 సెప్టెంబరులో దానిని ప్రారంభించారు. ఎత్తు 67 అడుగులు. ఒక పాదం అమెరికాలోను, రెండవది కెనడాలోను ఉంటాయి. మన వాఘా సరిహద్దును టీవీలో చూసిన కళ్లకు ముళ్లకంచె లేని ఈ చోటు కొంత ఆశ్చర్యం కలిగిస్తుంది. సెలవు రోజులలో మాత్రం కార్ల బారు గంటకు మించి సాగవచ్చు. బిడ్డ పాలు, బిస్కెట్లు, మార్చవలసిన డయపర్లు డిక్కీలో అడుగున గాక చేతికందే సంచిలో ఉండాలన్నది ఆ బారులో ఇరుక్కున్న ప్రతి తల్లికీ తెలుస్తుంది.

అక్కడినుంచి వాంకూవర్ మీదుగా విస్లర్ చేరడానికి మరో 170 కిలోమీటర్లు. వాంకూవర్ దాటిన తరువాత ఒక పక్క సముద్రపు పాయ, మరొక పక్క కొండచరియ. 2010 శీతాకాల ఒలింపిక్స్ కోసం ఈ రోడ్డును వెడల్పు చేశారు. అక్టోబరు 1 నుంచి చలికాలమంతా దీని మీద తిరిగే కార్లకు మంచులో పట్టునిచ్చే టైర్లు ఉండాలన్నది అక్కడి చట్టం. అద్దె కారు తీసుకునేవారు ఈ విషయం ముందే అడిగి తెలుసుకోవాలి. డిసెంబరు, జనవరి నెలలలో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది గనుక పెందలకడనే బయలుదేరి, సగం దారిలోని స్క్వామిష్‌లో ఒకసారి ఆగి, వెలుగుండగానే చేరడం మేలు.

ఇక అసలు విషయం, చలి. పిల్లలను పెంచి పెద్దచేసిన నాయనమ్మకు చలి గురించి చెప్పడం తాతకు దగ్గులు నేర్పినట్లే అనిపించవచ్చు. కాని లంబసింగిలో తెల్లవారుజామున చూసిన చలి ఎండ రాగానే పోతుంది. ఇక్కడి చలి పగలంతా ఉంటుంది. విస్లర్ గ్రామం సముద్రమట్టానికి 675 మీటర్ల ఎత్తున మాత్రమే ఉన్నది. 2,650 మీటర్ల ఎత్తున ఉన్న మన గుల్మార్గ్‌తో పోలిస్తే ఎత్తువల్ల కలిగే ఇబ్బంది ఇక్కడ లేదు. అయితే సముద్రం దగ్గర కావడంతో గ్రామంలో కురిసేది తరచు తడిమంచు, ఒక్కొక్కప్పుడు వాననీరే. తడిసిన బట్టలో ఉన్న బిడ్డ పొడిచలిలో ఉన్న బిడ్డకంటె త్వరగా చల్లబడతాడు.

పెద్ద గిన్నెలోని పాలకంటె చిన్న గిన్నెలోని పాలు త్వరగా చల్లారినట్లే, పసివాడి ఒంటి వేడి మనకంటె త్వరగా పోతుంది. బరువుతో పోల్చితే వాడి చర్మం విస్తీర్ణం ఎక్కువ. దీనికి తోడు, మంచులో నడిచే తండ్రికి నడకవల్ల వేడి పుడుతుంది. అతని వీపున కట్టిన సంచిలోనో, లాగే బండిలోనో కదలకుండా కూర్చున్న బిడ్డకు ఆ వేడి లేదు. తండ్రికి చెమట పడుతుండగా వెనుక బిడ్డ కాళ్లు కొయ్యబారిపోవచ్చు. అటువంటి సంచిలో వేలాడే కాళ్లకు రక్తప్రసారం కూడా మందగిస్తుంది. "నాకు చలి లేదు, వీడికి ఎందుకుంటుంది?" అనే మాటకు అక్కడ విలువ ఇవ్వరాదు.

బిడ్డ ఒంటిని అంటి ఉండే బట్ట నూలుది కారాదు. నూలు తడిని పట్టి ఉంచుతుంది. పలుచని ఉన్ని గాని, తడి పీల్చని కృత్రిమ నూలు గాని లోపల, మెత్తని ఉన్ని వంటి బట్ట మధ్యన, నీరు చొరని స్నోసూట్ పైన తొడగాలి. పెద్దలు తొడిగినదానికంటె ఒక పొర ఎక్కువ అని లెక్క పెట్టుకోవచ్చు. చేతులకు వేళ్లు విడివిడిగా ఉండే తొడుగులకంటె నాలుగు వేళ్లూ ఒకే చోట ఉండేవి వెచ్చన. మెడకు పొడవాటి మఫ్లర్ చుట్టవద్దు. అది దేనికైనా చిక్కుకుంటే ప్రమాదం. మన మంకీ క్యాప్ ఇక్కడ భేషుగ్గా పనిచేస్తుంది, మా కోడలు ఎంత నవ్వినా సరే. బిడ్డ చేతులు తాకి చలిని అంచనా వేయలేము. మెడ వెనుక, రొమ్ము మీద చేయిపెట్టి చూడాలి. చలికి పసివాడు వణకకుండానే నీరసించిపోవచ్చు. ఆడుతున్నవాడు ఉన్నట్టుండి నిశ్శబ్దమైనా, మత్తుగా సోలినా బుజ్జగిస్తూ కూర్చోక వెంటనే లోపలికి తీసుకుపోయి, తడిబట్టలు విప్పి, ఒంటికి ఆనించుకుని వెచ్చబరచాలి. అప్పటికీ తేరుకోకపోతే వైద్యుని పిలవవలసిందే. మేము అరగంటకొకసారి లోపలికి వచ్చేవాళ్లం.

రెండు విషయాలు మనవారికి తోచవు. ఇంత దళసరి కోటుతో బిడ్డను కారు సీటులో కూర్చోబెట్టి బెల్టు బిగిస్తే, ప్రమాదంలో కోటు అణిగిపోయి బెల్టు వదులవుతుంది. కోటు విప్పి, బెల్టు బిగించి, పైన దుప్పటి కప్పాలి. రెండవది ఎండ. కొత్త మంచు అతినీలలోహిత కిరణాలను 80 శాతం దాకా తిప్పికొడుతుంది. ఆ చలిలోనూ ముఖం కమిలిపోతుంది, కళ్లు మండుతాయి. బిడ్డకు కూడా నల్లకళ్లద్దాలు, ముఖానికి పూత అవసరం.

స్కీ నేర్పే బడులు సాధారణంగా మూడేళ్ల నుంచి చేర్చుకుంటాయి. అంతకంటె చిన్నవాడికి మంచు ముద్దలు చేయడం, చిన్న స్లెడ్డు మీద చదునైన చోట జారడం చాలినంత సంబరం. మా వాడు మొదటి పూట మంచును నోట్లో పెట్టుకుని, ఉమ్మి, మళ్లీ పెట్టుకోవడంలోనే గడిపాడు. బిడ్డను వీపున కట్టుకుని స్కీ చేయడం మాత్రం ఏ పరిస్థితిలోను కూడదు. ఎంత నేర్పరి అయినా వెనుకనుంచి వచ్చి గుద్దేవాడిని ఆపలేడు. తల్లి ఒక పూట, తండ్రి ఒక పూట కొండెక్కితే సరిపోతుంది. నాయనమ్మ ఉన్నదిగదా అని ఇద్దరూ కలిసి రెండు రోజులూ వెళ్లిపోవడం నాకు సమ్మతం కాదు. ఆమె కూడా మంచు చూడడానికే అంత దూరం వచ్చింది.

స్కీ రానివారికి చక్కని కాలక్షేపం పీక్ టు పీక్ అనే గొండోలా. 2008 డిసెంబరులో ప్రారంభమైన ఈ తీగమార్గం విస్లర్, బ్లాక్‌కోంబ్ కొండలను కలుపుతుంది. పొడవు 4.4 కిలోమీటర్లు, అందులో 3 కిలోమీటర్లకు పైగా మధ్యలో స్తంభమే ఉండదు. లోయకు 436 మీటర్ల ఎత్తున పెట్టె కదులుతుంటే మా ఆవిడ కళ్లు మూసుకుని సగం దూరం వెంకటేశ్వరస్వామిని తలచి, మిగిలిన సగం కళ్లు తెరచి చూసింది. కొండెక్కేటప్పుడు, దిగేటప్పుడు చెవులు దిబ్బడ వేస్తాయి. బిడ్డ చేత పాలో నీళ్లో గుటకలు వేయిస్తే ఆ బాధ ఉండదు. 2010 ఒలింపిక్స్‌లో మన దేశం తరఫున శివ కేశవన్, జమ్‌యాంగ్ నమ్‌గ్యాల్, తాషి లుండుప్ పోటీ చేసింది ఈ విస్లర్ ప్రాంతంలోనే. ఆ సంగతి అక్కడ మనవడికి నేను చెప్పాను, వాడు వినలేదు.

బీమా గురించి ఒక్క మాట. అమెరికాలో తీసుకున్న ఆరోగ్య బీమా కెనడాలో పనిచేస్తుందో లేదో ముందే వ్రాతపూర్వకంగా తెలుసుకోండి. తాతయ్య, నాయనమ్మల కోసం కొన్న సందర్శకుల బీమా విషయంలో ఇది మరీ అవసరం. అక్కడి ప్రభుత్వ వైద్యం పరదేశీయులకు ఉచితం కాదు.

తిరుగు ప్రయాణంలో పాస్‌పోర్టుతో పాటు ఐ-94 పత్రం వివరాలు దగ్గర ఉండాలి. వీసా ముద్ర గడువు తీరినా, ఐ-94 చెల్లుబాటులో ఉండి, కెనడాలో 30 రోజులకు మించకుండా ఉండి వచ్చిన ఉద్యోగులను తిరిగి అనుమతించే నిబంధన ఒకటున్నది. అక్కడ కొత్త వీసాకు దరఖాస్తు చేసుకున్నవారికి మాత్రం ఇది వర్తించదు. నిబంధనలు మారుతుంటాయి గనుక బయలుదేరే వారంలో మరొకసారి సరిచూసుకోవాలి. పెద్దలు కెనడాలో గడిపిన రోజులు వారి అమెరికా గడువుకు అదనంగా కలుస్తాయని అనుకోవద్దు. దారిలో సర్రీ పట్టణంలోని భారతీయ దుకాణాలలో కూరలు చూసి నాయనమ్మ చేయి ఊరుకోదు. తాజా కరివేపాకును నిమ్మజాతి చెట్లకు చీడ తెచ్చే ఆకుగా భావించి అమెరికా అధికారులు లోనికి రానివ్వరు. సంచిలో ఏమున్నదని అడిగితే ఉన్నదున్నట్లు చెప్పాలి. మేము కొన్న కట్టను ఆ రాత్రి సర్రీలో బంధువుల ఇంట పులిహోరలో వేయించి, మరునాడు ఉదయం వట్టి చేతులతో సరిహద్దు దాటాము.