గుమ్మంలో శానిటైజరు సీసా



శానిటైజరుతో చేతులు పగులుతున్నవని ఎవరైనా అంటే చాలు, ఇరుపక్షాలు బయలుదేరతాయి. అంతా విషమే, మన పెద్దల బూడిద మేలని ఒక పక్షం. బూడిదయు క్షారమే నాయనా! శుభ్రత ముందు, చర్మం తరువాత అని రెండవ పక్షం. నాకు ఇద్దరితోనూ పేచీయే.

2020లో లాక్‌డౌన్ సడలిన పిమ్మట మా మల్కాపురంలో అంట్లు తోమే ఆమె తిరిగి పనిలోకి వచ్చింది. నాలుగిళ్ళ పని. ప్రతి గుమ్మంలో చేతుల్లో శానిటైజరు పోసేవారు, లోపలికి రాగానే సబ్బుతో కడగమనేవారు, ఆపైన అంట్లసబ్బు, పీచు. మేమూ అట్లే చేశాము, దాచను. నెల తిరక్కుండా వేళ్ళ సందులు చిట్లి నెత్తురు చిమ్మింది. "మంటెత్తిపోతన్నాయి మేస్టారూ" అన్నది. ఒక ఇంటివారు అంటురోగమనుకొని మాన్పించారు కూడా. డాక్టర్లు కాంటాక్ట్ డెర్మటైటిస్ అనే ఈ బాధ ఒకరినుండి మరొకరికి అంటదు.

చర్మం పీహెచ్ 5 దరిదాపు, మామూలు సబ్బుది 9, 10. తడిని పట్టి ఉంచే పైపొర కొవ్వు కడిగినప్పుడెల్లా కొంత పోతుంది, వేడినీళ్ళయితే మరింత. అది మళ్ళీ కూడేందుకు వ్యవధి లేకపోతే బీటలే. ఆ బీటల మీద ఆల్కహాలు పడి మండగా నేరమంతా శానిటైజరుదే అంటాము. నిజానికి గ్లిసరిన్ కలిసినది సబ్బుకంటె చర్మానికి నయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రంలో 80 శాతం ఇథనాల్‌తోపాటు 1.45 శాతం గ్లిసరాల్ ఊరకే చేర్చలేదు. మురికి కనబడితే సబ్బు, లేకున్న శానిటైజరు. వెంటవెంటనే రెండూ దేనికి?

ఆనాడు ఫోను తీస్తే దగ్గు, ఆపై చేతులు కడుగుకొమ్మని హితబోధ. కడిగి తడి ఆరకముందే కాస్త వాజలైన్ రాసుకోండన్న మాట నేనెన్నడూ వినలేదు. ముప్పయ్యయిదేళ్ళు సుద్దముక్క పట్టిన నా చేతులు పొడిబారితే "పాపం, మాస్టారు" అన్నారు. ఆమె పగుళ్ళు మాత్రం పనిలో భాగమట!

మా యింట గుమ్మంలోని పోత మాన్పించాము. నూలు తొడుగులు, వాటిపై రబ్బరు తొడుగులు, రాత్రికి వాజలైన్. మూడు వారాలకు పగుళ్ళు పూడినవి. తొడుగుల ఖర్చు ఆమె జీతంలో కోసుకొమ్మని పక్కింటాయన సలహా. శానిటైజరు మాత్రం ఆయన ఉచితంగానే పోసేవారు.