మేక మేయని ఆకు

మార్గళి నెల మంచు దిగిందంటే మదురై దగ్గరి మేలూరులో మా వీధిన ఏ రాత్రి రెండు గంటలకో ఎవరో ఒకరు లేచి కూర్చుంటారు. ఛాతీలో పిల్లికూతలు, లోపలికి పోయిన గాలి బయటికి రాదు. తమిళంలో ఇళుప్పు అంటారు, మేం ఇంట్లో ఉబ్బసం అంటాం. నాయక రాజుల కాలంలో మదురై వైపు వచ్చిన తెలుగు కుటుంబం మాది. భాషతో పాటు పెద్దల మందులూ మా ఇళ్లలో నిలిచిపోయాయి. మా పెద్దత్త దొడ్డి కంచె మీద పాకించుకున్న తీగ వాటిలో ఒకటి. ఇక్కడివాళ్లకది నంజరుప్పాన్. తెలుగులో వెర్రిపాల అనీ, కుక్కపాల అనీ, మేకమేయని ఆకు అనీ పేర్లున్నాయి.

"పరగడుపున ఒక్క ఆకు నమిలి మింగు. ఆరు రోజుల్లో తగ్గకపోతే నన్నడుగురా" అంటుంది అత్త. ఎందరికో ఇచ్చింది, ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు. ఆమె మాటలో మోసం లేదు. నేను తేల్చుకోవాలనుకున్నది ఆ ఆకు నిజంగా పనిచేస్తుందా అన్నది మాత్రమే.

ఇదే ప్రశ్న వేసుకున్న డాక్టరు ఒకాయన ఢిల్లీలో ఉండేవారు. వల్లభ్‌భాయ్ పటేల్ ఛెస్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన డి.ఎన్. శివపురి. నాటువైద్యమని తోసిపుచ్చకుండా ఈ ఆకునే పరీక్షకు పెట్టారు. 1969లో అచ్చయిన ఆ పరీక్షలో 110 మంది రోగులున్నారు. కొందరికి రోజుకొక ఆకు చొప్పున ఆరు రోజులు, మిగతావాళ్లకు మందుగుణం లేనిది. ఎవరికి ఏది అందుతోందో రోగికీ తెలియకూడదు, ఫలితం రాసే డాక్టరుకూ తెలియకూడదు. వారం తిరిగేసరికి ఆకు తిన్నవాళ్లలో 62 శాతం మందికి చెప్పుకోదగ్గ ఉపశమనం కలిగింది. అత్త ఈ అంకె విని ఉంటే వీధంతా చెప్పి వచ్చేది.

నా మనసు మాత్రం రెండో అంకె మీదే ఆగింది. మందే కానిది తిన్నవాళ్లలోనూ 28 శాతం మందికి నెమ్మదించింది. ఉబ్బసం పోటెత్తుతుంది, తీస్తుంది. మనిషి మందు కోసం పరుగెత్తేది పోటు మీదున్న రోజునే. ఆ తర్వాతి వారం సహజంగానే కొంత మేలుగా ఉంటుంది. ఆ వారంలో ఏది మింగితే దానికే పేరొస్తుంది. పథ్యమని చల్లటివి మానేస్తాం, ఇంట్లో దుమ్ము దులుపుతాం, పక్కన ఒక పెద్ద మనిషి కూర్చుని ధైర్యం చెబుతుంది. వీటన్నిటి ఫలం ఆకు ఖాతాలో పడుతుంది. అత్త దగ్గరికి మళ్లీ రానివాళ్లు నయమై రాలేదో, నమ్మకం పోయి రాలేదో ఎవరూ లెక్క రాయలేదు.

ఇంకో చిక్కుంది. ఈ ఆకు నమిలితే నోరు పూస్తుంది, నాలుకకు ఉప్పు రుచి తెలియదు, కొందరికి వాంతులవుతాయి. ఇక రోగికి తెలియకుండా ఇవ్వడమెలా? నాకు అసలు మందే పడిందని నాలుకే చెప్పేస్తుంది. అలా తెలిసిపోయాక, ఊపిరి ఎలా ఉందని అడిగితే వచ్చే జవాబులో ఆశ ఎంతో, ఆకు ఎంతో విడదీయడం కష్టం. 1979లో 135 మంది మీద జరిపిన మరో పరీక్ష ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో వచ్చింది. అందులో ఆకుకూ మందుగుణం లేనిదానికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మొక్క పాత శాస్త్రీయ నామం టైలోఫోరా ఆస్త్మాటికా. ఆ పేరు చూపించి వాదించేవాళ్లు నాకు తగిలారు. పేరు పెట్టినవాళ్లు జనం దేనికి వాడుతున్నారో రాసుకున్నారు, అంతే. అది పనిచేసిందని ఎవరూ ముద్ర వేయలేదు.

చెట్టు మందులంటే నాకు చులకన అనుకోవద్దు. ఉమ్మెత్త సంగతే చూడండి. దాని పొగ పీలిస్తే ఆయాసం తగ్గుతుందని మన దేశంలో వాడుక. మద్రాసులో ఫిజీషియన్ జనరల్‌గా ఉన్న జేమ్స్ ఆండర్సన్ ద్వారా అది తెలుసుకున్న జనరల్ జెంట్ 1802 ప్రాంతంలో ఇంగ్లండుకు చేరవేశాడు. ఉమ్మెత్త గొంతు తడారుస్తుంది, మోతాదు మించితే మతి తప్పిస్తుంది, ప్రాణమే తీస్తుంది. ఊపిరిగొట్టాలను సడలించే గుణం అందులోని అట్రోపిన్ జాతి పదార్థాలదని రసాయనవేత్తలు పట్టుకున్నారు. అట్రోపిన్‌నే మార్చి, పీల్చినప్పుడు నెత్తుట్లో పెద్దగా కలవని ఇప్రాట్రోపియం చేశారు. ఆయాసంతో ఆసుపత్రికి తీసుకుపోయిన బిడ్డకు నెబులైజర్‌లో సాల్‌బ్యుటమాల్‌తో కలిపి ఇచ్చేది అదే. ఉమ్మెత్తను ఎవరూ మన్నించి వదిలేయలేదు, వందేళ్లకు పైగా నిలదీశారు. అందుకే దాని మంచి మనకు దక్కింది.

మేలూరు చుట్టూ గ్రానైట్ తవ్విన కొండలున్నాయి. క్వారీ దుమ్ములో పనిచేసినవాళ్లు అత్త ఆకు మీద ధీమాతో ఇన్‌హేలర్ పక్కన పెడతారు, అది అలవాటైపోతుందన్న భయంతో. నా బాధంతా అక్కడే. వాపు తగ్గించే ఇన్‌హేలర్ రోజూ పీలిస్తేనే పోట్లు రాకుండా ఉంటాయి. అది మానేసినవాణ్ణి ఏదో ఒక రాత్రి వ్యానులో మదురైకి తరలించాల్సి వస్తుంది. ఉబ్బసాన్ని పూర్తిగా నయం చేస్తుందని ఏ మందు గురించీ చెప్పుకోకూడదని మన ఔషధ నిబంధనల్లోని షెడ్యూల్ జె చెబుతోంది. అయినా హైదరాబాదులో మృగశిర కార్తె నాడు కొర్రమీను నోట్లో మందు పెట్టి మింగించడం సాగుతూనే ఉంది. ఆ మందు కూర్పు రహస్యం. చేపమందు పేరు మార్చుకుని చేపప్రసాదమయ్యాక పనిచేస్తుందా అన్న ప్రశ్నకే చోటు లేకుండా పోయింది. అత్త ఆకు కంచె మీద అందరి కళ్లెదుటా ఉంది. దాన్ని అడగొచ్చు.

పోయిన మార్గళిలో అత్తకే ఆయాసం పట్టింది. ఇన్‌హేలర్ మానకూడదని ఒట్టు పెట్టించుకుని, గట్టిగా ఊదితే గాలి వేగం చూపించే పీక్ ఫ్లో మీటర్ ఒకటి, ఒక నోటుపుస్తకం చేతిలో పెట్టాను. పొద్దున, సాయంత్రం ఊది అంకె రాయాలి. ఒక వారం ఆకుతో, ఒక వారం ఆకు లేకుండా. ఒక్కరి పుస్తకంతో ఏ మందూ తేలదని ముందే చెప్పాను. ఆమె ఒక్క పూట తప్పకుండా రాసింది. రెండో వారం చివర్లో ఫోన్ చేసింది.

"ఈ వారం ఆకు ముట్టలేదురా. అయినా అంకె పోయిన వారం కంటే పైకే పోయింది. ఇదెట్లా?"