ఆ రెండక్షరాల అర్థం తెలుగులో అచ్చు వేయండి

శిరివెళ్లలో నాది మోటార్ల వైండింగ్ షాపు. బోరు మోటార్లే నా పని. అయినా ఈ మధ్య వాషింగ్ మిషన్ ఆగిపోయిందని పిలిచేవాళ్లు ఎక్కువయ్యారు. కంపెనీ మనిషి రావాలంటే నంద్యాల నుంచి రావాలి. వారంటీ దాటిన మిషన్‌కైతే చెయ్యి పెట్టకముందే విజిట్ చార్జీ అడుగుతారు. కూలికి పోయే ఇంట్లో అది ఒక పూట సంపాదన. చాలా ఇళ్లలో ఆ డబ్బు పోతున్నది మిషన్ పాడై కాదు, తెర మీద వెలిగే రెండక్షరాలకు అర్థం చెప్పేవాళ్లు లేక.

మొన్న మా వీధిలో ఒక పెద్దమ్మ పిలిచింది. "నాయనా, నీళ్లు పట్టకుండా ఊరికే కూతలు పెడతాంది. మోటారు కాలిందేమో చూడు" అనింది. చూస్తే తెర మీద ఉన్నది నీళ్లు రావడం లేదని చెప్పే కోడ్. మోటారు ఊసే లేదు. ప్లగ్గు పీకి, కుళాయి కట్టేసి, మిషన్ వెనక పైపు మర విప్పాను. పైపు తగిలించే చోట లోపలికి చిన్న జాలి ఉంటుంది. ప్లయర్‌తో మెల్లగా లాగితే ఊడి వస్తుంది. దానికి ఒక్క కన్నమూ కనపడలేదు. కింద ఇసుక, పైన బోరు నీళ్ల తెల్ల పెచ్చు. నిమ్మరసంలో కాసేపు నానబెట్టి పాత బ్రష్షుతో రుద్దితే వదిలింది. మళ్లీ బిగించి కుళాయి తిప్పగానే మిషన్‌లోకి నీళ్లు దూకాయి.

బోరు నీళ్లు వాడే ఊళ్లలో ఇది మామూలే. దీనికి తోడు ఇంకో సంగతుంది. పది మీటర్ల ఎత్తు నుంచి దిగితే గానీ నీళ్లకు 1 బార్ ఒత్తిడి రాదు. ఒంటి మిద్దె మీద ట్యాంకు, కింద మిషన్ ఉంటే దక్కేది 0.3 బార్ చుట్టుపక్కల. జాలి సగం పూడినా, మిషన్ పెట్టుకున్న గడువులో నీళ్లు చాలినంత చేరవు. అది ఆగి కోడ్ చూపిస్తుంది. కోడ్ అంటే జ్వరం లాంటిది, రోగం పేరు కాదు. కుళాయి, ట్యాంకు, జాలి చూడకుండా నీళ్లు లోపలికి వదిలే వాల్వ్ మార్చేయడం నాకు అన్యాయం అనిపిస్తుంది.

నీళ్లు బయటికి పోవడం లేదన్న కోడ్ వస్తే డ్రెయిన్ పైపు నలిగిందా, పంపు ఫిల్టర్‌లో పిన్నీసో రూపాయి బిళ్లో ఇరుక్కుందా చూడాలి. దుప్పటి ఒకపక్క ముద్దగా చేరితే వచ్చే కోడ్‌కు దాన్ని విప్పి పరిస్తే చాలు. మోటారు, బోర్డు జోలికి మాత్రం ఇంట్లోవాళ్లు పోవద్దు. షాక్ కొడుతున్నా, కింద నీళ్లు కారుతున్నా ప్లగ్గు పీకి మెకానిక్‌ను పిలవండి. ఆ పనికి డబ్బు ఇవ్వడం న్యాయం.

కోడ్‌లు కూడా కంపెనీకొక తీరు. నీళ్లు రాకపోతే ఎల్‌జీలో ఐఈ, శాంసంగ్‌లో 4సీ, దాని పాత మిషన్లలో 4ఈ. కార్లలో అలా కాదు. లోపాలను అన్ని కంపెనీలకూ ఒకే తీరు కోడ్‌లతో చెప్పే ఓబీడీ-2 పద్ధతిని అమెరికాలో 1996 మోడల్ నుంచి కార్లకు తప్పనిసరి చేశారు. ఇంజన్ సిలిండర్లలో మంట సరిగా అంటుకోకపోతే ఏ కంపెనీ కారైనా చూపేది పీ0300. కార్లకు కుదిరిన పని బట్టలుతికే మిషన్‌కు ఎందుకు కుదరదు? మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు మీద 2022 జూలైలో కమిటీ వేసింది, ఆ డిసెంబర్‌లో పోర్టల్ తెరిచింది. గృహోపకరణాలూ అందులో ఉన్నాయి. మామూలుగా వచ్చే కోడ్‌లు అన్ని కంపెనీలకూ ఒకటే ఉండాలని, వాటి అర్థం అమ్మే రాష్ట్రం భాషలో మిషన్ మీదే అంటించాలని ఆ శాఖ ఆదేశించాలి. పుస్తకంలో ఇచ్చాం కదా అంటే సరిపోదు. ఆ పుస్తకం అట్టపెట్టెతో పాటే అటక ఎక్కుతుంది. మూత మీద జానెడు స్టిక్కర్ చాలు: "నీళ్లు రావడం లేదు. కుళాయి తిప్పి చూడండి, జాలి కడగండి."

అది వచ్చేదాకా, మెకానిక్ వచ్చినప్పుడు ఏ కోడ్ చూపింది, ఏం చేశాడు అన్నది బిల్లు మీద రాయించుకోండి. పార్టు మార్చానంటే పాతది అడిగి తీసుకోండి. జాలి కడిగి వాల్వ్ మార్చినట్టు బిల్లు వేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.